చప్పుడు చెయ్యని ప్యాంటు

పోయిన చలికాలమంతా మా ఆయన ముందుకు ఒక్క అడవిపంది కూడా రాలేదు. తప్పంతా ప్యాంటుదేనని మింకో తేల్చాడు. మింకో మా ఊరి వేటబృందానికి పెద్ద. ఎవరు ఎక్కడ కాపు కాయాలో, ఎవరు అడవిలోకి దిగి అరుస్తూ పందుల్ని తోలాలో శనివారం పొద్దున్నే అతనే చెబుతాడు. "బాబాయ్, నీ ప్యాంటు గరగర అవతలి కొండదాకా వినిపిస్తోంది. పందులకి మాత్రం చెవులుండవా?" అన్నాడట. మా ఆయన ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చి, ఆ ప్యాంటు విప్పి నా ఒళ్ళో పడేశాడు.

"ఇది చప్పుడు చేస్తోందిటే లాల్కా? నాకేం వినబడ్డంలేదే!"

"చెయ్యకేం! నువ్వు పెరట్లో నడిస్తే వంటింట్లో ఉన్న నాకు తెలిసిపోతుంది. సంతలో చవగ్గా వచ్చిందని ఆ వానకోటు గుడ్డ తెచ్చుకున్నావుగా, అనుభవించు."

అనేశాను గానీ లోపల బాధగానే ఉంది. మా ఆయన రంగెల్ అంటే ఒకప్పుడు ఈ లోయలో పేరున్న వేటగాడు. మింకోకి తుపాకీ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. అలాంటివాణ్ణి కుర్రాళ్ళు 'రంగెల్ బాబాయ్ పందులకి కాపలా ఉంటున్నాడు' అని ఆటపట్టిస్తుంటే వినలేకపోయాను. ఈ ఏడు కూడా ఉత్త చేతులతో వస్తే తుపాకీ అమ్మేసి కోళ్ళు పెంచుకుంటానన్నాడు. అన్నాడంటే చేస్తాడు. ఇక ఆ ముఖాన్ని రోజంతా ఇంట్లో నేను భరించాలి.

అందుకని సెప్టెంబరులో ఇద్దరం బస్సెక్కి త్రోయాన్ పట్నం వెళ్ళాం. బస్టాండు వెనక వేట సామాన్ల కొట్టు ఉంది. కొట్లో ఇవెలినా అనే పిల్ల, మహా ఓపికమంతురాలు, ప్యాంట్లన్నీ బల్ల మీద పరిచింది. ముందు మందపాటి ఉన్నిది చూపించింది. ఈక పడ్డంత చప్పుడైనా లేదు గానీ, ధర చీటీ చూసి మా ఆయన చెయ్యి కాలినట్టు కింద పెట్టేశాడు. తర్వాత నూలుది. అది పొద్దున మంచుకి తడిసి కాళ్ళకి బరువుగా వేలాడుతుందని నాకు తెలుసు, మా నాన్న జీవితమంతా అదే తొడిగాడు. మూడోది నీళ్ళు దిగని గుడ్డ, నున్నగా మెరుస్తోంది, చవక కూడా. నాలుగోది పైన సన్నని నూగున్నది.

"తాతగారూ, గుడ్డని చెవి దగ్గర పెట్టుకుని గోటితో గీరి చూడండి," అంది ఇవెలినా. "తర్వాత వేసుకుని గొంతుక్కూచోండి. కంచె దాటినట్టు కాలెత్తండి. పట్టేస్తే వద్దు. ఊరికే నిలబడితే అన్నీ బాగానే ఉంటాయి."

మా ఆయన ఆ మెరిసే గుడ్డని చెవికానించి గీరాడు. బల్లకి ఇవతలున్న నాకు బరబరా వినిపించింది.

"అబ్బే, చప్పుడే లేదు. ఇది తీసేసుకుందాం."

"ఏమయ్యా, నాలుగు లేవాల డబ్బు మిగుల్తుందని చెవులు మూసుకుంటున్నావా?"

"నీకన్నీ చప్పుళ్ళే! నువ్వు పక్కనుంటే ఇంకేం వినబడుతుంది మనిషికి?"

తెర వెనక్కి పోయి అదే తొడుక్కుని వచ్చాడు. కొట్లో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. గాలాలు చూసుకుంటున్న ఒకాయన తల తిప్పి మరీ చూశాడు. మా ఆయన మాత్రం గొప్పగా నా వైపు తిరిగి, "చూశావా, పిల్లి నడిచినట్టు లేదూ!" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఇవెలినా నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అరలోంచి అదే గుడ్డది ఇంకో ప్యాంటు తీసుకుని, చప్పుడు కాకుండా ఆయన వెనక్కి వెళ్ళి, తలకి జానెడు దూరంలో రెండు చేతులతో పరపరా నలిపింది. ఆయన అద్దంలో నడుము చూసుకుంటున్నాడు. ఇంకా గట్టిగా నలిపింది. "నడుము దగ్గర కొంచెం బిగుతుగా ఉందే," అన్నాడు అద్దంతో.

అన్నానికి పిలిస్తే పలకనప్పుడల్లా ఎంత పొగరు ఈ మనిషికి అనుకుని ఇంకా గట్టిగా కేకలేసేదాన్ని. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి కళ్ళు దించుకుంది.

ఆ నూగు ప్యాంటే కొన్నాం, నా చెవులతో ఎంచి. నిరుటి సరుకు, ఒక జేబు జిప్పు రంగు వేరేగా ఉంది, అందుకని సగానికి సగం తగ్గించింది. మోకాళ్ళ దగ్గర వదులు ఉంది, నడుము వెనక వీపు కప్పేంత ఎత్తు ఉంది, గొంతుక్కూచున్నా ఎక్కడా పట్టలేదు. జేబుల మీద చర్రుమని ఊడే పట్టీలున్నాయి. అవి తీసేసి గుండీలు కుట్టుకోండమ్మా, తాళాలూ చిల్లరా ఆ జేబుల్లో వెయ్యనివ్వకండి అని చెప్పింది.

బస్సులో మా ఆయన పొట్లం ఒళ్ళో పెట్టుకుని పండక్కి బట్టలు కొన్న పిల్లాడిలా మురిసిపోతున్నాడు. నాకేమో ప్యాంటు సంగతే గుర్తులేదు. కొమ్ము గురించే ఆలోచిస్తున్నాను. తోలడం అయిపోగానే మింకో కొమ్ము ఊదుతాడు. ఊదిన క్షణం నుంచీ కాపు కాసేవాళ్ళు తూటాలు తీసెయ్యాలి, ఎందుకంటే పొదల్లోంచి మనుషులు సరాసరి వాళ్ళ ముందుకే వస్తారు. ఆ కొమ్ము వినబడనివాడికి పొద కదిలితే పందే అనిపిస్తుంది.

ఇంటికి రాగానే చెప్పేశాను. "నీకు చెవులు సరిగ్గా వినబడ్డంలేదు రంగెల్."

"నీ నోరు వినబడుతోందిగా, చాల్లే!" అని తలుపు ధడేల్మని వేసుకుపోయాడు.

మర్నాడు ఆయన గడప మీద కూచుని చిక్కుడుగింజలు ఒలుస్తున్నాడు. కుక్క కాళ్ళ దగ్గర పడుకుంది. నేను గోడకి వేలాడే మా మామగారి కొమ్ము తీసుకుని రేగుపళ్ళ తోట చివరికి పోయాను. జన్మలో కొమ్ము ఊదిన మొహం కాదు నాది. మొదట్లో ఉత్త గాలే వచ్చింది, తర్వాత బర్రె అరుపొచ్చింది, చివరికి ఎలాగో పలికింది. వీధిలో కుక్కలన్నీ ఊళ పెట్టాయి. మా కుక్క కూడా మూతి పైకెత్తి అందుకుంది. "ఏం పుట్టిందే నీకు? నోర్ముయ్!" అని ఆయన దాన్ని కసిరి, మళ్ళీ గింజలు ఒలుచుకుంటున్నాడు.

ఊదుకుంటూ ఇంటివైపు నడిచాను. పక్కింటావిడ కంచె మీదుగా చూసి నాకు పిచ్చెక్కిందనుకుంది. కోళ్ళగూడు దగ్గరికి వచ్చాక మా ఆయన తలెత్తాడు. నా నోటి దగ్గర కొమ్ము చూశాడు. తిడతాడనుకున్నాను.

"ఎక్కణ్ణుంచి ఊదుతున్నావు?"

"తోట చివర్నుంచి."

అటు చూశాడు. ఎంత దూరమనీ! చిన్నపిల్ల కూడా ఒక్క పరుగులో పోతుంది. గింజల గిన్నె కింద పెట్టి చాలాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. ఏడుస్తాడేమోనని హడలిపోయాను.

"మింకోకి నేనే చెప్తాను. నువ్వు మధ్యలో దూరకు," అన్నాడు.

"దూరను. కానీ నీ వెంటే వస్తా. నువ్వు మాట మింగేస్తే నేను కక్కుతా."

అక్టోబరులో మొదటి శనివారం కొత్త ప్యాంటు తొడుక్కుని వేటబృందం గుడిసెకి వచ్చాడు, వెనకే నేను. ఆడదాన్ని చూసి ఎవరూ ఏమనలేదు, వంటాయనకి సాయం అనుకున్నారు. మింకో చోట్లు చెబుతున్నాడు. "రంగెల్ బాబాయ్, నువ్వు సున్నపు బట్టీ దగ్గర."

"వద్దురా. నాకు తుపాకీయే వద్దు. కొమ్ము వినబడ్డంలేదు నాకు," అన్నాడు మా ఆయన, అందరి ముందూ.

ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందరూ బూట్లు చూసుకుంటున్నారు. మా ఆయన ఒక్కో ముఖమే చూసుకుంటూ వచ్చి మింకో దగ్గర ఆగాడు.

"మీకు తెలుసా?"

మింకో దగ్గరికొచ్చి గట్టిగా చెప్పాడు. "నిరుడు సీజను మొదట్లోనే తెలిసింది బాబాయ్. కొమ్ము ఊది నేనే పొదలోంచి బయటికొచ్చాను. నీ తుపాకీ గొట్టం నా పొట్ట మీదికే ఉంది. అప్పట్నుంచీ నిన్ను బట్టీ దగ్గరే పెడుతున్నా. అటు మనుషులెవరూ రారు."

"పందులు?"

"అవీ రావు."

"మరి ప్యాంటన్నావు?"

"ఏదో ఒకటి చెప్పాలిగా."

మా ఆయన ముఖం కందగడ్డలా అయిపోయింది. "చలికాలమంతా నన్ను దిష్టిబొమ్మలా కూచోబెట్టావట్రా! అక్కడ కాలు కదపకుండా, దగ్గొస్తే గుడ్డలు కుక్కుకుని కూచున్నానురా! ఇవాళొస్తుంది, రేపొస్తుంది అనుకుంటూ! నా మొహం మీద ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"రాలేదు బాబాయ్," అన్నాడు మింకో. వాడి కళ్ళు తడిశాయి. వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. ఆ చలికాలం ఎవరూ చావకుండా చూసింది వాడేనని కూడా అనిపించింది.

రంగెల్ జేబు గుండీ విప్పి తూటాలు తీసి బల్ల మీద పెట్టాడు. తుపాకీ నా చేతికిచ్చాడు.

"తోలేవాళ్ళతో పోతాను. గొంతింకా ఉంది. ఆ బట్టీ మొహం మాత్రం చూడను."

పొదల్లో మనిషని దూరాన్నుంచే తెలిసేలా తను వేసుకున్న నారింజరంగు చొక్కా మింకో విప్పి ఆయనకి తొడిగాడు. తన పక్కనే నడవమని చేత్తో సైగ చేశాడు.

నేను వంటాయన దగ్గర కూచుని క్యాబేజీ తరుగుతున్నాను. కాసేపటికి ఎగువ నుంచి కేకలు మొదలయ్యాయి. అందరికంటే పెద్దది మా ఆయన గొంతే. "హే! హేయ్! పో!" అని కొండ దద్దరిల్లేలా అరుస్తున్నాడు. వంటాయన నవ్వి, "మీ ఆయన ఇవాళ పందుల్ని సరిహద్దు దాటించి రుమేనియా దాకా తోలేస్తాడు," అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. అటు చివర తుపాకీ పేలింది, ఇంకోసారి పేలింది.

తర్వాత కొమ్ము ఊదారు. కేకలన్నీ ఆగిపోయాయి.

మా ఆయన గొంతు మాత్రం ఆగలేదు. "హే! హేయ్! పో!" అని ఆయనొక్కడే అరుస్తున్నాడు, అంత అడవిలో. వంటాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను క్యాబేజీ మీద కత్తి ఆనించి విన్నాను. ఎవరైనా భుజం తట్టండిరా, ఎవరైనా తట్టండి అని లోపల మొత్తుకుంటున్నాను. చివరికి కేక మధ్యలో తెగింది. వంటాయన కుండ మూత తీసి ఉప్పు చూశాడు, నేను మిగిలిన క్యాబేజీ తరగసాగాను.