కుడిపక్క తాలుకాయలు

"ఏమీ మారలేదమ్మా," అన్నారు డాక్టరు గారు, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపిస్తూ.

ఏమీ మారకపోవడం ఇంత పెద్ద శుభవార్త అవుతుందని పెళ్ళికి ముందు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. మార్చిలో మా ఆయన త్రినాథ్ ఎడమకంటి చూపులో ముక్కువైపున ఎంత మచ్చ ఉందో, ఈ శ్రావణంలోనూ అంతే ఉంది. చుక్కంత కూడా పెరగలేదు. కంట్లో ఒత్తిడి దిగింది. గుంటూరు బ్రాడీపేటలోని ఆ కంటి క్లినిక్‌లో అందరూ చూస్తుండగానే త్రినాథ్ చేయి పట్టుకుని ఊపేశాను. ఆయన సిగ్గుపడి, శుభ్రంగా ఉన్న కళ్ళద్దాలనే మళ్ళీ తుడుచుకున్నారు.

ఆ కళ్ళద్దాలు మైనస్ తొమ్మిది. పెళ్ళిలో ఫోటోల కోసం తీసేయమంటే తీసేసి, నా తల మీద పోయాల్సిన తలంబ్రాలు పురోహితుడి ఒళ్ళో పోశారు. నాకూ మైనస్ మూడుంది కాబట్టి నవ్వే హక్కు లేదు. కొత్త కాపురంలో నాకు అన్నిటికంటే నచ్చింది, నిద్రమత్తులో ఒకరి అద్దాలు ఒకరం పెట్టేసుకుని గోడలకు గుద్దుకోవడం.

ఆయన పర్చూరులో ఒక స్కూల్లో లెక్కలు చెబుతారు. మా ఇల్లు ఆ పక్క ఊళ్ళోనే. మార్చిలో మా మిర్చి కల్లంలో ఎండుతోంది. ఎర్రటి కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరెయ్యాలి, లేకపోతే రేటు రాదు. ఆదివారం కదా అని మేమిద్దరం కూడా కూర్చున్నాం. ఆయన అదే చేత్తో కుడికన్ను నలుపుకున్నారు. ఇంక చూడాలి ఆ గంతులు. మా అత్తగారు మల్లేశ్వరి గారు తిడుతూనే తడి తువ్వాలు తెచ్చి ఆ కంటికి కట్టారు. ఆయన పౌరుషానికి పోయి ఒంటికంటితోనే ఏరడం మొదలుపెట్టారు.

కాసేపటికి పక్కింటి రాజ్యం పిన్ని ఆయన ఏరిన కుప్ప చూసింది. ఎర్రటి కాయల మధ్య తాలుకాయలు దర్జాగా పడుకుని ఉన్నాయి.

"ఏరా అబ్బాయ్, నీ కన్ను కాయల మీదుందా, పెళ్ళాం మీదుందా?"

కల్లమంతా ఘొల్లుమంది. నేనూ సిగ్గుపడుతూ నవ్వాను. లోపల కాస్త గర్వం కూడా. కానీ నేను కూర్చుంది ఆయనకు కుడిపక్క. తాలు మిగిలిపోయిందీ నా పక్కనే. పెళ్ళాన్ని చూసేవాడికి పెళ్ళాం మోకాలి దగ్గరున్న కాయ కనిపించదా?

నా ముక్కునే చూస్తూ ఉండమని చెప్పి, ఒక తాలుకాయ పట్టుకుని మెల్లగా ఆయన కుడిపక్కకు జరిపాను.

"కనపడుతోందా అండీ?"

"ఆఁ... లేదు. ఎటు పోయింది?"

కాయ నా చేతిలోనే ఉంది. ఇంకాస్త జరిపితే మళ్ళీ కనిపించిందన్నారు. నాకు నవ్వు ఆగిపోయింది.

తువ్వాలు తీశాక ఆయనకు అన్నీ మామూలుగానే కనిపించాయి. ఎడమకన్ను ముక్కువైపున, అంటే కుడిపక్కన, వదిలేసినదాన్ని కుడికన్ను పూరిస్తోంది, అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. మా మామగారు అంకారావు గారైతే పవర్ పెరిగుంటుంది, అద్దాలు మార్చితే సరి అని తేల్చేశారు. ఆయనవీ సోడాబుడ్డి అద్దాలే. మసకేసినప్పుడల్లా షాపుకెళ్ళి మార్చుకోవడం ఆయన అలవాటు. నేను మాత్రం మొండికేసి మా ఆయన్ని గుంటూరు లాక్కెళ్ళాను.

అది గ్లకోమా అన్నారు డాక్టరు గారు, పెద్దవాళ్ళు నీటికాసులు అనేది. మైనస్ ఎక్కువున్న కన్ను పొడవుగా సాగి ఉంటుందట, అలాంటి కంట్లో నరం దెబ్బతినే అవకాశం ఎక్కువట. పైగా మసకంతా పవర్ వల్లేనని అందరూ సరిపెట్టుకుంటారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు, రోజూ చుక్కల మందు మానకూడదు అన్నారు. రక్తసంబంధీకులు కూడా చూపించుకోవాలన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే మామగారు విననట్టే పేపరు తిరగేశారు.

ఆ రోజు క్లినిక్ మెట్లు దిగుతూ త్రినాథ్ ఒకటే అడిగారు. "కొన్నాళ్ళకి నీ ముఖం కూడా అలాగే మాయమవుతుందా దివ్యా?"

"మందు నేను వేస్తానుగా," అన్నాను.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారితో ఒకే గడప దాటకూడదని నన్ను మంగళగిరిలో పుట్టింటికి పంపేశారు. చుక్కల మందుకు ఆషాఢం తెలియదు కదా. రోజూ భోజనాలయ్యాక వీడియో కాల్. ఆయన తల వెనక్కి వాల్చి వేసుకుంటుంటే మొదట్లో చుక్క మీసం మీద పడేది. మా అమ్మ నా భుజం మీంచి తొంగిచూసి, ఇంకాస్త పైకి బాబూ, అని చెప్పేది. ఆషాఢం అయ్యేసరికి ఆయన గురి కుదిరింది. ఒక్క రోజూ మానలేదు.

ఆ కష్టమంతా ఈరోజు ఫలించింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పగానే అత్తగారు సున్నుండల డబ్బా తీశారు. రాజ్యం పిన్ని వచ్చి, అయితే ఆ రోజు వాడు నిన్ను చూడనేలేదన్నమాట, అని నన్నే ఏడిపించింది. నేను రెండో సున్నుండ తింటూ ఒప్పుకున్నాను.

మామగారు మాత్రం లోపలికెళ్ళి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి అరుగు మీద పరిచారు. అరచేత్తో ఒక కన్ను మూసి చూశారు, తర్వాత రెండోది. మేమందరం తినడం ఆపేశాం.

ఆయన చేయి దించి, వీధి చివరిదాకా వినపడేలా అన్నారు. "అమ్మాయ్, రేపు పొద్దున ఫస్టు బస్సుకి నన్ను కూడా గుంటూరు తీసుకెళ్ళు. అద్దాల షాపుకి కాదు, మీ డాక్టరు దగ్గరికే."