తెగని కుట్టు

కత్తెర మళ్ళీ జారింది. కాంపౌండరు విసుక్కుని, గ్లౌజు అంచుని ఇంకోవైపు నుంచి పట్టుకుని, ఈసారి మణికట్టు దగ్గర మొదలుపెట్టాడు. లోపల ఉన్నది మనిషి కుడిచెయ్యి. పైకి మాత్రం నెత్తురులో నానిన జీన్సు గుడ్డ మూటలా కనిపిస్తోంది.

"ఏం కుట్టమ్మా ఇది! మూడు వరసలు వేశారు. ఎవరు కుట్టారు?" అన్నాడు అతను తలెత్తకుండానే.

బల్ల పక్కన నిలబడ్డ ఆవిడే కుట్టింది. ఇంకో రోజు, ఇంకో చోట ఆ మాట ఎవరైనా అని ఉంటే మురిసి ముక్కలయ్యేది. వీధిలో ఆవిడని అందరూ కుట్టక్క అనే పిలుస్తారు. అసలు పేరు రేషను కార్డులో ఉంది, అక్కడే ఉంటుంది. కుట్టక్క కుట్టింది చిరగాలంటే పక్కనున్న గుడ్డ చిరగాలి తప్ప కుట్టు తెగదని పేరు. స్కూలు సంచులు, గొడుగు గుడ్డలు, తెగిపోయిన చెప్పుల పట్టీలు కూడా ఆవిడ దగ్గరికే వస్తాయి.

ఆవిడ భర్త బల్లమీద పడుకుని కళ్ళు మూసుకునే గొణిగాడు.

"కొయ్యకండి సార్... కొత్తది. మా ఆవిడ కుట్టింది."

కుట్టక్కకి అప్పుడు ఏడుపు వచ్చింది. అంతదాకా రాలేదు. భర్త పనిచేసే షాపు నుంచి పొడుగాయన అనే తోటి పనివాడు పరుగెత్తుకొచ్చి "అక్కా, బావకి చెయ్యి మిషనులో పడింది" అన్నప్పుడు కూడా రాలేదు.

ఎట్టకేలకు గుడ్డ తెగింది. కాంపౌండరు లోపలికి చూసి, డాక్టరుని పిలవమని నర్సుని పంపాడు. తర్వాత కుట్టక్క వైపు తిరిగాడు. మంచివాడే, కానీ రోజుకి వందమందిని చూసేవాడికి మాట మెత్తగా చెప్పే తీరిక ఉండదు.

"ఏ మిషను?"

"డ్రిల్లింగు మిషను బాబూ. సామాను పెట్టుకునే ఇనప రాకుల పట్టీలకి బెజ్జాలు వేస్తాడు."

"తిరిగే మిషను దగ్గర గ్లౌజులు వేసుకోమని ఎవరు చెప్పారు? ఉత్త చెయ్యి అయితే తోలు లేచేది, మహా అయితే లోతుగా కోసుకునేది. బెజ్జం వేసే ఆ తిరిగే బిట్టుకి గుడ్డ చుట్టుకుంటే ఇక వదలదు, చేతిని కూడా లాక్కెళుతుంది. పాతగుడ్డ అయితే చిరిగిపోయి బతికిపోయేవాడు. ఇది చిరగలేదు."

మూడు వేళ్ళు పోయాయి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు. మిగిలిన రెండూ ఎంతవరకు పనికొస్తాయో కట్టు విప్పితే గానీ తెలియదన్నారు.

ఆ సాయంత్రం వార్డు బయట బెంచీమీద కూర్చుని కుట్టక్క తన చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. సూదిపోట్లు తప్ప ఏ గాయమూ లేని చేతులు. ప్రేమగా చేసిన పని ఇలా కాటేస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పేవాళ్ళు ఎవరున్నారు? ఆ షాపులో పద్నాలుగేళ్ళుగా మిషను ఎలా తిప్పాలో ఒకరికొకరు చూపించుకున్నారు గానీ, దేనికి భయపడాలో ఎవరూ ఎవరికీ చూపించలేదు.

ఆ షాపు పద్ధతి ఒకటుంది. రోజుకి నాలుగువందల బెజ్జాలు. ఒక్కటి తగ్గినా సగం కూలి. పట్టీని వైసు అనే ఇనప పట్టులో బిగించి బెజ్జం వేస్తే పట్టీ కదలదు, చెయ్యి బిట్టుకి దూరంగా ఉంటుంది. కానీ బిగించడానికి, విప్పడానికి నిమిషం పడుతుంది. అందుకని ఓనరు వైసు విప్పించి స్టోరులో పెట్టి తాళం వేశాడు. పట్టీని ఎడంచేత్తో అదిమిపట్టుకోవాలి, కుడిచేత్తో పిడి దించాలి. బెజ్జంలోంచి లేచే ఇనప రజను పేరుకుంటే మిషను ఆపి బ్రష్షుతో దులపాలి. ఆపితే లెక్క తగ్గుతుంది గనక, పిడి వదిలేసి ఆ చేత్తోనే, మిషను తిరుగుతుండగానే తోసేస్తారు. ఆ రజను మామూలు పొడి కాదు. సుడులు తిరిగి, బ్లేడు అంచులా ఉంటుంది. అందుకే భర్త వేళ్ళ నిండా గాట్లు. భోజనానికి కూర్చుంటే ఉప్పు తగిలి చెయ్యి మండేది. ఏడేళ్ళ నుంచి కుట్టక్క ముద్దలు కలిపి పెట్టేది. "పెద్దవాడివయ్యావు గానీ తినడం రాలేదు నీకు" అని ఎగతాళి చేసేది. ఆయన బుద్ధిగా నోరు తెరిచేవాడు.

రెండు నెలల కిందట షాపుకి తనిఖీకి ఎవరో వచ్చారు. ముందురోజు గుమాస్తా ఒక అట్టపెట్టె తెచ్చి అందరికీ కొత్త గ్లౌజులు పంచాడు. అందరినీ ఎవరి మిషను దగ్గర వాళ్ళని నిలబెట్టి ఫోటోలు తీశారు. ఫోటో అవగానే గ్లౌజులు జతలు లెక్కపెట్టుకుని పెట్టెలో సర్దేశాడు. అద్దెనగలు పెట్టుకుని ఫోటో దిగినట్టుందిరా అని అందరూ నవ్వుకున్నారు. భర్త ఆ ఫోటో ఫోనులో తెచ్చి చూపించాడు. డ్రిల్లింగు మిషను పక్కన, రెండు చేతులకీ గ్లౌజులు వేసుకుని, పెళ్ళిపీటల మీద కూడా నవ్వనంతగా నవ్వుతున్నాడు.

కుట్టక్క ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. "ఇవి ఉంటే ఇన్ని గాట్లు ఉండవు కదా. వాళ్ళు ఇవ్వకపోతే మనకి గతిలేదా?" అంది. ఫోటోలో కొలత చూసుకుని, పాత జీన్సు ప్యాంట్లు కోసి, వేలు వేలుకీ మూడు వరసల కుట్టు వేసి, జారకుండా మణికట్టు దగ్గర రబ్బరు పెట్టి, రెండు రోజుల్లో పూర్తిచేసింది. మిగతా వాళ్ళూ అడిగారు. గుడ్డ మీది, దారం నాది అని పొడుగాయనతో సహా ఇంకో నలుగురికి కుట్టింది. గాట్లు నిజంగానే తగ్గాయి. ఆయన తన చేత్తో తను తిన్నాడు. ఇది జరిగి ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ ఆవిడకి గొప్పగానే గడిచాయి.

రెండోరోజు పొద్దున ఓనరు కబురు పెట్టాడు. కాగితం ఒకటి సిద్ధంగా ఉందని, భర్త తరఫున వచ్చి సంతకం పెట్టి వెళ్ళమని.

"ఏం కాగితమట?" అంది కుట్టక్క కబురు తెచ్చిన పొడుగాయనతో.

"గ్లౌజులు ఇంటినుంచి తెచ్చుకున్నాడు, షాపు వద్దన్నా వేసుకున్నాడు, తప్పు తనదే అని. పెడితే ఆస్పత్రి ఖర్చు సారే కడతాడట. తర్వాత గేటు దగ్గర కూర్చునే పని ఇస్తాడట." పొడుగాయన నేల చూశాడు. "నేను చెప్పకూడదు అక్కా. నన్ను ఇవాళ్టినుంచి బావ మిషను మీద వేశారు."

మంచంమీద భర్త అంతా విన్నాడు.

"పెట్టెయ్యి. గేటు పనంటే కూర్చునే పనే కదా. ఇంకెవరిస్తారు నాకు?" అన్నాడు. కొంచెం ఆగి, "నీ తప్పని నేను అనుకోవట్లేదు. నువ్వూ అనుకోకు. రాసిన మాట రాసిన మాటే, మన మనసులో మాట మనదే" అన్నాడు.

ఆయన అలా అనడమే ఆవిడకి ఎక్కువ బాధ. తిట్టినా బాగుండేది. అసలు ఆ కాగితంలో అబద్ధమేముంది అని కూడా అనిపించింది. గ్లౌజు కుట్టింది తనే. చుట్టుకున్నది ఆ గుడ్డే. తెగాల్సిన చోట తెగనిది ఆ కుట్టే. సంతకం పెట్టేద్దామనే బయల్దేరింది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వచ్చి అన్నం తినిపిస్తానని చెప్పి వెళ్ళింది.

ఓనరు గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఆయన లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. "మా షాపులో మనిషికి కష్టం వస్తే నాకు నిద్ర పట్టదమ్మా" అన్నాడు. మొహం చూస్తే నిద్ర బాగానే పట్టినట్టుంది. కాగితం ఆవిడ ముందుకు జరిపాడు. కుట్టక్క ఐదో తరగతి దాకా చదివింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివింది. "సొంతంగా తెచ్చుకున్న గ్లౌజులు, షాపు వారు వద్దన్నప్పటికీ" అన్నచోట ఆగింది.

తలెత్తితే ఎదురుగా గోడమీద ఫోటో. ఫోనులో చూసిన ఫోటోయే, పెద్దది చేయించి, అద్దం వేయించి పెట్టారు. భర్త నవ్వుతున్నాడు. రెండు చేతులూ, పది వేళ్ళూ.

"సారూ, ఆ ఫోటోలో గ్లౌజులు మీరిచ్చినవే కదా?"

"అవును. తనిఖీకి."

"ఆ ఫోటో చూసే నేను కుట్టాను సారూ. మీరిచ్చారు గనక వేసుకునేవే అనుకున్నాను."

ఓనరు మొహం చిట్లించాడు. "బాగుంది! అది ఫోటో కోసం తీసిందమ్మా. మిషను ఆపేసి తీశాం. తిరిగే డ్రిల్లు దగ్గర ఎవడైనా గ్లౌజులు వేసుకుంటాడా? మిషను కొన్నప్పుడు వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే బొమ్మ వేసి ఉంటుంది. ఆ మాత్రం నాకు తెలీదా?"

అంటున్నంతసేపూ ఆయన తన తెలివిని చూపించుకుంటున్నాననే అనుకున్నాడు.

కుట్టక్క కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. ఐదు వారాల కిందట భర్త ఇంటికొచ్చి చెప్పిన మాట గుర్తొచ్చింది. కొత్త గ్లౌజులు వేసుకుని మిషను దగ్గర నిలబడితే ఓనరు దగ్గరికొచ్చి, పట్టుకుని చూసి, "మీ ఆవిడ నాకు ఖర్చు తప్పించిందయ్యా" అని భుజం తట్టాడట. ఆ మాట చెప్పి ఆయన ఎంత సంబరపడ్డాడు! ఆ పూట ఆవిడ కూడా సంబరపడింది.

"మీకు తెలుసా సారూ?"

"ఏంటి?"

"వేసుకోకూడదని. మీరు చూశారు. పట్టుకుని చూశారు. భుజం తట్టారు."

"నేను వంద చూస్తుంటాను..."

"నాకు తెలీదు సారూ. నాకు తెలీక కుట్టాను. ఆయనకి తెలీక వేసుకున్నాడు. తెలిసినవాళ్ళు ఈ షాపులో మీరొక్కరే." కాగితం మీద ఒక మాట దగ్గర వేలు పెట్టింది. "వద్దన్నప్పటికీ అని రాశారే, ఎప్పుడు వద్దన్నారు? ఒక్కసారి వద్దని ఉంటే ఆ రాత్రే దాన్ని విప్పి మసిగుడ్డ చేసుకునేదాన్ని కదా!"

కలం కాగితం మీద పెట్టి లేచింది. గేటు పని పోయింది, ఆస్పత్రి ఖర్చు నెత్తిన పడింది. అదంతా తెలిసే లేచింది. సంతకం పెట్టనంత మాత్రాన ఆ కుట్టు తనది కాకుండా పోదు, అదీ తెలుసు. బతికినన్నాళ్ళూ మోస్తుంది. కానీ తన వంతు తను మోస్తుంది గానీ, ఓనరు వంతు కూడా ఎత్తుకుని తిరగడానికి ఆవిడేం గాడిద కాదు.

తలుపు తీయగానే షాపులోని చప్పుడు మీదపడింది. డ్రిల్లింగు మిషను దగ్గర పొడుగాయన వంగి ఉన్నాడు. చేతులకి ఆవిడ కుట్టిన గ్లౌజులు ఉన్నాయి. పక్కన వెయ్యాల్సిన పట్టీల గుట్ట నడుం ఎత్తున ఉంది.

కుట్టక్క ఒక అడుగు ముందుకు ఉరికింది. కేక వేయబోయి నోరు నొక్కుకుంది. కేకకి అతను తల తిప్పితే చెయ్యి ఎటు పోతుందో! పట్టీలో బెజ్జం పూర్తయ్యేదాకా, బిట్టు పైకి వచ్చేదాకా అక్కడే నిలబడింది. అప్పుడు ఎదురుగా, అతనికి కనబడేలా వెళ్ళింది.

"తమ్ముడూ, మిషను ఆపు."

అతను ఆపాడు.

"అవి తీసెయ్యి. నేనే కుట్టాను, నేనే చెబుతున్నా, తీసెయ్యి. మీ బావ చెయ్యి తీసుకుంది మిషను కాదురా, ఆ గుడ్డ. ఇదుగో, మీరందరూ కూడా! వేసుకోకూడదట. సారుకి ముందునుంచీ తెలుసట."

ఒక్కొక్క మిషనూ ఆగింది. పొడుగాయనా, మిగతా ముగ్గురూ గ్లౌజులు లాగేసి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. వాళ్ళు ఏదో ఒకటి అని ఉంటే ఆవిడకి తేలికగా ఉండేది.

ఓనరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటిది? పనిచేసేవాళ్ళని చెడగొట్టడానికి వచ్చావా? ఒరే, మొదలుపెట్టు. మూడువందల బెజ్జాలు మిగిలాయి."

పొడుగాయన తన ఉత్త చేతులు చూసుకున్నాడు. ఇంట్లో అతనికి ఇద్దరు పిల్లలు, పక్షవాతం తల్లి. అతను ఎదురు చెప్పే మనిషి కాదు. షాపులో అందరిలోకీ మెత్తనివాడనే ఆ మిషను మీద వేశారు.

"స్టోరు తాళం ఇప్పించండి సారూ. వైసు బిగించుకుంటాను."

"వైసు పెడితే రోజుకి నూటయాభై కూడా కావు."

"కాకపోతే కావు."

"సగం కూలే వస్తుంది నీకు."

పొడుగాయన చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, మిషను దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఓనరు విసురుగా వచ్చి తనే స్విచ్చు నొక్కాడు. మిషను అందుకుంది. బిట్టు గిర్రున తిరగసాగింది. "ఊఁ, ఎవరొస్తారు? వచ్చినవాడికి ఇవాళ కూలి రెండింతలు" అన్నాడు చుట్టూ చూస్తూ. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో కాళ్ళు కదిపారు.

గోడగడియారంలో ఒంటిగంట దాటింది. ఆస్పత్రిలో ఆయన ఆకలితో ఎదురుచూస్తూ ఉంటాడు, ముద్ద కలిపి పెట్టేవాళ్ళు లేరు. కుట్టక్క గ్లౌజులు గుండెలకి హత్తుకుని, పనివాళ్ళకి, మిషనుకి మధ్య నిలబడి, ఒక్కొక్కరి చేతులవైపే చూస్తోంది. వెళ్ళాలి. కానీ తను కదిలితే ఎవరో ఒకరు చెయ్యి పెడతారేమోనని ఆవిడ భయం.