కంచెలో ఆ ఒక్క చోటు

కంచె బాగుచేయించే పని ఆమె మీద పడింది. ఆ ఇంట్లో ఎవరిదీ కాని పని ఏదైనా తిరిగి తిరిగి ఆమె నెత్తిమీదికే వస్తుంది. "నీ ఉద్యోగానికేముందిలే, ఒకరోజు సెలవు పెడితే ల్యాబు మూతపడదు" అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ. రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తుంది ఆమె. సెలవడిగితే అక్కడి మేనేజరు "మళ్ళీ ఇంటి పనేనా మేడమ్?" అని నవ్వాడు. ఇంట్లో ఆఫీసు పని లెక్కలోకి రాదు, ఆఫీసులో ఇంటి పని లెక్కలోకి రాదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యానని తలచుకుంటే ఆమెకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

పెరటి వెనక ఇనుప జాలీ కంచె. అందులో ఒక చోట కంత పడుతోంది. మూడు నెలల్లో ఇది నాలుగోసారి. కట్టిన వైరు కట్టినట్టే ఊడి వస్తోంది. "కుక్కలు దూరుతున్నాయి. ఆ జాలీ మీద రేకులు కొట్టించెయ్. ఈగ కూడా దూరకూడదు. సాయంత్రం వచ్చి చూస్తాను" అని చెప్పి వెళ్ళాడు భర్త. ఆమె ముగ్గురికి ఫోన్ చేసింది. చిన్న పనికి రామని ఇద్దరన్నారు. వస్తానన్న మూడోవాడు రాలేదు. నాలుగోవాడు పక్క వీధిలోనే ఉండే మేస్త్రి. తండ్రి కాలం నుంచీ కంచెల పనే.

అతను ఆటోలోంచి రేకులు దించి గోడకు ఆనించాడు. మనిషికన్నా ఎత్తుగా ఉన్నాయి. వాటిని చూడగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియలేదు. కుక్కలు రాకుండా రేకులు కొట్టిస్తుంటే ఏడుపు రావడమేమిటని తనను తానే కసురుకుంది.

"సారు లేరా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"లేరు. నాతో చెప్పండి."

"అబ్బే, ఏం లేదు. ఎంతవరకూ కొట్టాలో సారుతో ఓ మాట అనుకుంటే బాగుంటుందని. కాస్త ఈ టేపు కొస పట్టుకోండమ్మా."

పిలిపించింది ఆమె, ఎండలో వంగి టేపు పట్టుకున్నది ఆమె, మాట మాత్రం సారుది. ఆమె పట్టుకుంది. పట్టుకోవడం ఆమెకు అలవాటే.

కంత దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి కొలవడం ఆపి, గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇది కుక్కల పని కాదమ్మా. కుక్క దూరితే నేలకు పడుతుంది కంత. ఇది నడుమెత్తున ఉంది. పైగా తీగలన్నీ బయటికి వంగాయి చూడండి. ఎవరో లోపల నిలబడి, చేత్తో, తీరిగ్గా ఒక్కో తీగా వంచారు."

అతను వేలితో తుప్పు గీకాడు. కొత్త వైరు కింద పాత వైరు, దాని కింద ఇంకా పాతది. "ఇదిగో, ఈ ముడి మా నాన్నది. ఆయనది ఎడమచేతి వాటం, మెలి ఇటు తిప్పేవాడు. ముప్పై ఏళ్ళ కిందటిది. అప్పుడూ ఇక్కడే పడిందన్నమాట కంత" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సారుకి తెలుసా ఇది?" అన్నాడు.

ఆమె తన అరచేతులు చూసుకుంది. పది రోజులుగా వాటినిండా సన్నటి గీతలు. గిన్నెలు తోమే పీచు వల్ల అనుకుంది. ఏమైందని ఇంట్లో ఎవరూ అడగలేదు కాబట్టి తనూ పట్టించుకోలేదు. ఇప్పుడు మెల్లగా చెయ్యి చాచి కంతలో పెట్టింది. చీకట్లో కూడా ఉప్పు డబ్బా దగ్గరికి వెళ్ళినట్టు, చెయ్యి దానంతటదే తర్వాతి తీగ మీదికి వెళ్ళింది. ఎక్కడ పట్టుకోవాలో, ఎటు వంచాలో దానికి తెలుసు. ఆమెకు తెలియదు. చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

లోపల అత్తగారిని పక్కకు తిప్పే వేళయింది. నాలుగేళ్ళుగా ఆవిడ మంచానికే అంటుకుపోయింది. ఆమె ల్యాబులో ఉన్నంతసేపూ ఆయా, మిగతా వేళంతా ఆమే రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే పుళ్ళు పడతాయి. "మా అమ్మను నువ్వు చూసుకున్నట్టు నేను కూడా చూసుకోలేను" అంటాడు భర్త, ఆ మాటతో తన బాధ్యత తీరిపోయినట్టు. ఆమె ఒంగి, భుజం కింద చెయ్యి పెట్టి, ఆవిడ వేళ్ళు విప్పింది. ముడతల మధ్య అవే గీతలు. గోళ్ళలో తుప్పు.

"అత్తయ్యా, ఇదేమిటి?"

"మేస్త్రి కొడుకొచ్చాడా? గొంతు వాళ్ళ నాన్నదే" అంది అత్తగారు కిటికీలోంచి చూస్తూ. "నీకు గుర్తుండదులే అమ్మాయ్. మొదట్లో నాకూ గుర్తుండేది కాదు."

"మీరు నడవలేరు కదా!"

"రాత్రిళ్ళు నువ్వు చెయ్యి పట్టుకుంటే నడుస్తున్నానుగా."

ఆమెకు పరుగెత్తుకెళ్ళి ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఎవరితో? "నీకు పని ఎక్కువై మతి పోతోంది" అంటాడు భర్త, పని మాత్రం తగ్గించడు.

"కంచె అవతల ఏముంది అత్తయ్యా?"

"ఏమీ లేదు. గడ్డి. నా చొక్కా ఏదని ఎవరూ అరవరు." అత్తగారు నవ్వింది. నాలుగేళ్ళలో ఆమె ఆ నవ్వు చూడలేదు. "మావాడికి కుక్కలనే చెప్పు. మీ మామగారికీ నేను అదే చెప్పాను. కానీ ఆయన రేకుల దాకా పోలేదే. రేకులు నీవల్లా కాదు, నావల్లా కాదు."

ఆమె పెరట్లోకి వచ్చేసరికి మేస్త్రి మొదటి రేకు ఎత్తి కంతకు ఆనిస్తున్నాడు. అవతలి గడ్డి సగం కనిపించకుండా పోయింది.

"ఆపండి."

"సారుతో ఓ మాట..."

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. ఏ నంబరూ నొక్కలేదు. "ఏమండీ... ఆ, వచ్చాడు... అలాగా? సరేనండి." మేస్త్రి రేకు కింద పెట్టి, ఫోన్లో సారు కనిపిస్తున్నట్టే నిటారుగా నిలబడ్డాడు.

"రేకులు వద్దన్నారు. కంత ఉన్నచోట గేటు పెట్టమన్నారు."

"ఆ మాట ముందే అంటే అయిపోయేది కదమ్మా!" అతను కటింగ్ ప్లేయర్ తీశాడు. పది మాటలు ఆమె చెప్తే కదలని చెయ్యి, సారు అనని ఒక్క మాటకు చకచకా కదిలింది. జాలీ కత్తిరించి, రెండు పక్కలా కమ్మీ నిలబెట్టేదాకా తల ఎత్తలేదు.

"గడియ లోపలికా, బయటికా? అదీ ఒకసారి అడిగెయ్యండమ్మా."

ఈసారి ఆమె ఫోన్ ఎత్తలేదు. కిటికీ వైపు తిరిగింది. అత్తగారు చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది.

"గడియ వద్దన్నారు" అంది ఆమె.