బరువుల మామ్మ

చిన్నప్పుడు కృపారాణిని చర్చిలో అందరూ పాస్టరు గారి అమ్మాయి అనేవారు. పెళ్లయ్యాక జాన్ మాస్టారి భార్య, ఆ తర్వాత స్టాన్లీ వాళ్లమ్మ. అలా ఎవరో ఒకరి తాలూకు మనిషిగానే ఆవిడ అరవై దాటింది.

కోడలు పద్మజ విజయనగరంలో ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పుతుంది. ఓరోజు కోడలికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లిన కృపారాణి, ఎవరూ చూడటం లేదు కదా అని, బరువులు తగిలించిన ఇనుప కడ్డీని సరదాగా గుండెల దాకా లేపేసింది. పద్మజ చూడనే చూసింది.

"అత్తా! పెద్ద వయసోళ్ల బరువుల పోటీకి నువ్వు వస్తన్నావు."

"నాకేటి పిచ్చా? నలుగురూ నవ్వుతారే!"

"నవ్వనీ. నువ్వూ నవ్వు."

పోటీ రోజున కృపారాణి చీర మానేసి, ట్రాక్ సూటు తొడుక్కుని వేదికెక్కింది. మొదటిసారి కడ్డీ మోకాళ్లు దాటలేదు. రెండోసారి వంగుతుంటే జనంలోంచి జాన్ మాస్టారు లేచి, "రాణీ! ఎత్తీయే, ఎత్తీ!" అని గొంతు చించుకున్నారు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నలుగురిలో ఆవిడని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆవిడకి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే కడ్డీని తలపైకి ఎత్తేసింది.

హాలంతా ఈలలు. దింపమని గంట కొట్టినా ఆవిడ దింపదే!

"ఒసే పద్మజా, ఫొటో తీసినావేటే?"

ఆ ఆదివారం చర్చి బయట పిల్లలు "బరువుల మామ్మ! బరువుల మామ్మ!" అంటూ మూగారు. ఆవిడ సిగ్గుపడకపోగా, ఇద్దరిని చెరో చంకనా ఎత్తుకుని గిర్రున తిప్పింది. మిగతావాళ్లంతా వరసలో నిలబడ్డారు.