ముప్ఫై ఏడుగురు

డెబ్బై ఒకటో ఏట డల్సీ ట్రెన్విత్‌కు బ్లాగు పిచ్చి పట్టుకుంది. లైబ్రరీలో మంగళవారాలు కంప్యూటర్ పాఠం చెప్పే రోవెనా, "మీకు బాగా తెలిసింది రాయండి, మనుషుల పేర్లు మాత్రం పెట్టకండి" అంది. డల్సీకి బాగా తెలిసినవి పేస్టీలు. మాంసం, బంగాళాదుంప కూరి, అంచులు మెలిపెట్టి కాల్చే ఆ పేస్టీల్లో క్యారెట్ వేసేవాళ్లను ఆ రాగిగనుల ఊళ్లో మనుషుల్లో జమకట్టరు. బ్లాగుకు "చేతి పిండి" అని పేరు పెట్టింది.

మొదటి రాతలోనే కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఊరి జాతర పోటీలో మూడేళ్లుగా మొదటి బహుమతి కొడుతున్న ఒకావిడ పిండి వత్తడమే లేదనీ, కొట్లో ఐసుపెట్టెలో దొరికే తయారు పిండి రేకులు వాడుతోందనీ, ఆవిడ చెత్తబుట్టలో అట్టపెట్టెలు తన కళ్లతో చూశాననీ రాసింది. పేరు రాయలేదు. ఆ ఒకావిడ వెర్నా పాస్కో, నలభై ఏళ్ల నేస్తం. ఆ మూడేళ్లూ రెండో బహుమతి డల్సీదే.

పేజీ అడుగున "చూసినవారు" అని ఒక అంకె ఉంది. మధ్యాహ్నానికి అది నాలుగైంది. తను ఎవరికీ చెప్పలేదే! ఎవరా అని మళ్లీ తెరిచి చూస్తే ఐదు.

ఇక ఊళ్లో ప్రతివాడి మీదా అనుమానమే. మాంసం కొట్టు సెసిల్, "ఏం వండుతున్నావు డల్సీ ఇవాళ?" అన్నాడు.

"ఎందుకడుగుతున్నావు? ఎవరేం చెప్పారు నీకు?"

"మాంసం అమ్ముకునేవాణ్ణి తల్లీ, ఇంకేం అడగమంటావు?"

ఆదివారం చర్చిలో వెర్నా జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. ఎప్పుడూ చెయ్యి పట్టుకుని పలకరించే మనిషి! చదివేసింది, అనుకుంది డల్సీ. వెర్నా మాట్లాడ్డం మానేస్తే ఈ ఊళ్లో తనకు తలుపు తట్టడానికి ఇంకో ఇల్లు లేదు. ఆ సంగతి రాసేటప్పుడు గుర్తు రాలేదు.

సోమవారానికి అంకె ముప్ఫై ఆరైంది. ఉండబట్టలేక వెర్నా ఇంటికి వెళ్లింది. వెర్నా టాబ్లెట్ మీద పేక ఆడుకుంటోంది. డల్సీని చూడగానే చేతులు శాలువా కిందికి లాక్కుంది.

"రావే. టీ పెట్టుకుందాం, కెటిల్ కాస్త నువ్వే ఎత్తు."

ఇంటికొచ్చినవాళ్ల చేత కెటిల్ మోయిస్తోందంటే ఎంత కోపంగా ఉందో!

"దాగుడుమూతలొద్దు వెర్నా. నువ్వు చదివావని నాకు తెలుసు."

"ఏం చదివానే?"

"నా 'చేతి పిండి'! ముప్ఫై ఆరుసార్లు!"

"చేతి పిండా? అదేం పత్రికే?"

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంది డల్సీ. "బ్లాగులే, ఊరికే, వంటలూ అవీ" అని గొణిగి, టీ తాగకుండా బయటపడింది.

మర్నాడు పాఠంలో రోవెనా, అంకె ముప్ఫై ఏడైన ఆ పేజీ చూసి పకపకా నవ్వింది. "డల్సీ గారూ, ఆ ముప్ఫై ఏడుగురూ మీరే! మీరు తెరిచిన ప్రతిసారీ ఒకటి పెరుగుతుంది. మీ రాకలు లెక్కలోకి రాకుండా ఇక్కడ నొక్కాలి."

నొక్కితే ముప్ఫై ఏడు కాస్తా ఒకటైంది.

ఆ ఒక్కరూ ఎవరో రోవెనాకు తెలియదు. కింద ఒక మాట రాసి ఉంది:

"వేళ్లు వంగక మూడేళ్లయింది డల్సీ. అప్పడాల కర్ర పట్టుకోలేను. చెబితే జాలిపడి పోటీలోంచి తప్పుకుని నన్ను గెలిపిస్తావని దాచాను. చెత్తబుట్ట వెతికే బదులు నన్నే అడగకపోయావా?"

ముప్ఫై ఏడుగురు చదివినా డల్సీకి ఇంత సిగ్గేసేది కాదు. ఆ రాత అక్కడికక్కడే తీసేసింది. ఇంటికెళ్లి, తన అప్పడాల కర్ర సంచిలో పెట్టుకుని, వెర్నా తలుపు తట్టింది.

వెర్నా ఆమెను చూసింది, సంచిలోంచి పొడుచుకొచ్చిన కర్రను చూసింది.

"చెత్తబుట్ట పెరట్లో ఉందే" అంది. తలుపు వెయ్యకుండానే లోపలికి నడిచింది.