పొద్దుటి ఆటలు

ఆదివారం పొద్దున పదకొండింటికి చర్చిలో ప్రార్థన. సరిగ్గా అదే పదకొండింటికి ఆడవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్. పద్నాలుగేళ్లు గుడ్రూన్ మ్యాచ్‌కే వెళ్లింది. ఆ పాపం తనదా, ఆ వేళ ఖాయం చేసినవాళ్లదా? ఆట మానేసి ముప్ఫై అయిదేళ్లయినా ఆ సందేహం తీరలేదు.

మధ్యాహ్నం మూడు గంటలూ, పచ్చగడ్డి మైదానమూ మగవాళ్లవి. ఆడవాళ్లకు వెనకాల, గడ్డి లేకుండా గరుకు ఎర్రబూడిద పరిచిన మైదానం. గుడ్రూన్ డిఫెండరు, జారిపడి బంతిని ఆపిన ప్రతిసారీ మోకాళ్లు చెక్కుకుపోయేవి.

ఈ మార్చిలో క్లబ్బు వార్షిక సమావేశం. మూడొందల మ్యాచ్‌లు ఆడినవాళ్ల పేర్లు రాగి పలకకెక్కిస్తామని అధ్యక్షుడు ఫోల్కర్ జాబితా చదివాడు. తొమ్మిది పేర్లు. తొమ్మిదీ మగవాళ్లవే.

"నా పేరేదీ?" గుడ్రూన్ లేచింది.

"రిజిస్టర్లో నీవి పదకొండే ఉన్నాయి. నేనేం చెయ్యను, గుడ్రూన్?"

రిజిస్టరు రాసిన ఎవాల్ట్ ముందు వరుసలోనే ఉన్నాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. "నేను భోంచేసి మైదానానికొచ్చేవాణ్ణమ్మా. పొద్దుటివి చూళ్లేదు. మధ్యాహ్నం పడ్డవే రాశాను," అన్నాడు మెల్లిగా.

ఎవరో కిసుక్కుమన్నారు. గుడ్రూన్‌కి ఒళ్లు మండిపోయింది.

"నువ్వు చూడకపోతే జరగనట్టేనా? మూడొందల పన్నెండు ఆదివారాలు! ఒక్కొక్కటీ పాదిరిగారి దగ్గర మోకరిల్లి తప్పని ఒప్పుకున్నాను. దేవుడి దగ్గర తప్పుగా లెక్కకొచ్చింది మీ దగ్గర ఆటగా లెక్కకు రాదా?"

ప్యాంటు మోకాలి పైకి లాగింది. చర్మం కింద ఎర్రబూడిద రవ్వలు ఇంకా అలాగే ఉన్నాయి. చెప్పులపెట్టె ఒకటి సంచిలోంచి తీసి బల్లమీద బోర్లించింది. అన్నీ ఏ మ్యాచ్‌లో ఎవరెవరు ఆడారో రాసిన రిఫరీ చీటీల నకళ్లు.

"మగవాళ్ల చీటీలు క్లబ్బే జిల్లా ఆఫీసులో ఇచ్చేది. మావి మేమే బస్సెక్కి ఇచ్చుకునేవాళ్లం. అందుకే ఈ నకళ్లు నా దగ్గర మిగిలాయి. లెక్కపెట్టుకోండి!"

"సరే, కమిటీ పరిశీలించి వచ్చే ఏడాది..." ఫోల్కర్ నసిగాడు.

"వచ్చే ఏడాది కాదు. ఇప్పుడే చేతులెత్తించు."

అందరికంటే ముందు లేచిన చెయ్యి ఎవాల్ట్‌ది. తర్వాత హాలంతా చేతులు లేచాయి. ఫోల్కర్ పదో పేరు రాసుకున్నాడు.

వెనక బల్ల దగ్గర్నుంచి ఒకప్పటి గోల్‌కీపరు రోస్‌విటా కేకేసింది: "ఒసే! మూడొందలవ మ్యాచ్ ఆడినవాళ్లు జట్టుకు బీరు పెట్టె ఇవ్వాలి. 'క్లబ్బు ఒప్పుకున్న రోజే ఇస్తా' అని ముప్ఫై ఆరేళ్లుగా ఎగ్గొట్టావు. ఇప్పుడేమంటావ్?"

గుడ్రూన్ బీరు కౌంటరు దగ్గరికి నడిచి, సాయం పట్టబోయినవాళ్లను వద్దని, పెట్టె తనే ఎత్తుకొచ్చి పాత జట్టు బల్లమీద దించింది.