పంతొమ్మిదో పేజీ మీద అరచెయ్యి

ఆ చిన్న ప్రచురణ సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లల బొమ్మల కథ ఏదైనా అచ్చుకు పోవాలంటే ముందు ఒక పిల్ల దాన్ని చదవాలి, చదువుతూ మూడుసార్లు పైకి వినబడేలా నవ్వాలి. ఎడిటరమ్మ పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చుంటుంది. బొమ్మలు గీసినవాడు గోడవారన ఉండొచ్చు గానీ నోరు మెదపకూడదు. మెదిపితే పుస్తకం చెల్లదు. ఇవాళ గోడవారన నిలబడ్డవాడివి ఒక్కొక్క నవ్వు తక్కువై ఇప్పటికే రెండు పుస్తకాలు వెనక్కొచ్చాయి. మూడోదీ వస్తే ఇక ఈ గడప తొక్కక్కర్లేదని ఎడిటరమ్మ మొహం మీదే చెప్పేసింది.

ఇవాళ తీర్పు చెప్పేది ఏడేళ్ల పిల్ల, కింది అంతస్తులో బైండింగు చేసే పెద్దాయన మనవరాలు. ముందు పన్ను ఊడింది. కాళ్లు నేలకందక ఊగుతున్నాయి.

"నవ్వకపోతే తిడతారా?"

"తిట్టం. రాకపోతే నవ్వకు, వస్తే ఆపుకోకు," అంది ఎడిటరమ్మ.

"ఆపుకుంటే నాకు ఎక్కిళ్లొస్తాయి మేడం."

నోరు కంపు కొడుతుందని సిగ్గుపడే మొసలి, దాని పళ్లు చూసే కోడి డాక్టరు. అదీ కథ. పిల్ల ఒక్కో పేజీ తిప్పుతోంది. ఎనిమిదో పేజీ అయిపోయింది. పది అయిపోయింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అతను ఆమె బుగ్గల వంకే చూస్తున్నాడు. ఇలా చూడటం అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ గిన్నెలు తోముతుంటే ఎదురుగా నిలబడి కోతి వేషాలు వేసేవాడు. వేషం పూర్తికాకముందే "నవ్వొచ్చిందా?" అని అడిగేవాడు. అమ్మ ఏనాడూ నవ్వలేదు.

పన్నెండో పేజీలో కోడి మొసలి నోట్లో తలపెట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది. పిల్ల కళ్లు ఆ మాటల మీదికి రానేలేదు. ముందే కుడివైపుకు, పదమూడో పేజీకి వెళ్లిపోయాయి. అక్కడ, మొసలి పొట్టలో, నిరుడు మాయమైన ముసలి కోడి డాక్టరు పడక్కుర్చీలో పేపరు చదువుతూ, "తలుపెయ్యవమ్మా, గాలొస్తోంది!" అంటోంది.

ఆ బొమ్మ పేజీ తిప్పాక కనబడాలి. ప్రశ్న ఈ పేజీలో, జవాబు దాని వెనక. ఈ పుస్తకం నవ్వంతా ఆ తిప్పడంలోనే ఉంది. మరి రెండూ పక్కపక్కకి ఎలా వచ్చాయి?

నిన్న సాయంత్రం ఈ నమూనా ప్రతిని కుట్టబోతూ, మొదట్లో ఒక పేజీ కొత్తగా చేర్చాడు. 'అమ్మకి' అని ఒక్క మాట. ఒక్క పేజీయే కదా అనుకున్నాడు. దానితో వెనకున్నవన్నీ ఒక్కో పేజీ జరిగి, ప్రశ్నా జవాబూ ఎదురెదురు పేజీల్లో పడ్డాయి. ఒక నవ్వు కాదు, అన్ని నవ్వులూ పోయాయి.

నోరు విప్పితే పుస్తకం చెల్లదు, విప్పకపోతే గట్టెక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్ల పద్దెనిమిదో పేజీకి తిప్పబోతోంది. నోరు మెదపకూడదన్నారు గానీ లేవకూడదని అనలేదు కదా! ఒక్క అంగలో వెళ్లి, పేజీ తిరుగుతుండగానే కుడివైపు దాన్ని అరచేత్తో మూసేశాడు.

"ఏంటయ్యా ఇది?" అంది ఎడిటరమ్మ.

అతను పెదాల మీద వేలుంచుకున్నాడు.

"ఆయన మాట్లాడకూడదు కదా మేడం, మీరే అన్నారు," అంది పిల్ల. ఎడమ పేజీ నిదానంగా చదివింది. మొసలి పుక్కిలించడానికి నోరు పెట్టి చెరువంతా పీల్చేసింది. "ఊఁ, తియ్యండి."

తీశాడు. ఎండిన చెరువులో చేపలన్నీ తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డాయి: "స్నానం సగంలో ఉంది, కాస్త తొందరగా ఉమ్మండి!"

పిల్ల పకపకా నవ్వింది. పెన్సిలు ఒక గీత గీసింది. ఇరవై అయిదో పేజీనీ అలాగే మూసి తీస్తే రెండో గీత. మిగిలింది ముప్ఫై ఒకటి, ఆఖరి బొమ్మ. చెమటకు అరచెయ్యి కాగితానికి అంటుకుంది.

"తియ్యండి."

మొసలి పళ్ల మెరుపుకి ఊరంతా నల్ల కళ్లజోళ్లు పెట్టుకుంది, ఆకాశంలో సూర్యుడు కూడా. పిల్ల చూస్తోంది. చప్పుడు లేదు. అతని గొంతులో ఆ పాత ప్రశ్న తన్నుకొచ్చింది. నవ్వొచ్చిందా? నాలుక కొరుక్కున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఎదుటి మనిషికి కావలసినంత సేపు ఇవ్వడం ఇంత కష్టమని అతనికి ఇన్నేళ్లూ తెలియదు.

ఒక ఎక్కిలి వినబడింది. ఆ వెంటనే, ఊడిన పంటి సందులోంచి నవ్వు ఎగజిమ్మింది.

ఎడిటరమ్మ మూడో గీత గీసి పెన్సిలు కింద పెట్టింది. "ప్రతి పుస్తకంతోనూ ఈ చెయ్యి కూడా పంపిస్తావా? ఇప్పుడు నోరు విప్పొచ్చులే."

"పేజీ ఒకటి ఎక్కువైందండి. ఇది." మొదటి పేజీ చూపించాడు. "తీసేస్తాను."

ఆమె ఆ ఒక్క మాటా చదివింది. "తియ్యక్కర్లేదు. ఆఖర్న ఖాళీ ఉందిగా, అక్కడ వెయ్యి. రేపటికి సరిగ్గా కుట్టి తీసుకురా, అచ్చుకిద్దాం."

"మీ అమ్మ నవ్విందా?" అని పిల్ల ఎక్కిళ్ల మధ్య అడిగింది.

"ఇంకా చదవలేదమ్మా," అన్నాడతను. "చదివేటప్పుడు నేను ఆ గదిలో ఉండను."